చిన్న బోర్డుల మధ్య రహస్య సందేశాలు: ఎన్‌క్రిప్షన్ ఏం కాపాడుతుంది, ఏం కాపాడదు

2025 జూన్‌లో మెష్‌టాస్టిక్ వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక వచ్చింది. మొబైల్ సిగ్నల్ గానీ ఇంటర్నెట్ గానీ లేకుండా, తక్కువ కరెంటుతో చాలా దూరం చేరే లోరా రేడియో ఉన్న చిన్న బోర్డులతో మెసేజ్‌లు పంపుకునే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు అది. 2024లో వచ్చిన 2.5 వెర్షన్ నుంచి అందులో ఇద్దరి మధ్య నడిచే వ్యక్తిగత సందేశాలకు పబ్లిక్ కీ పద్ధతి (అందరికీ చెప్పే కీ ఒకటి, దాచుకునే కీ ఒకటి) పెట్టారు. ఈ పద్ధతిలో ప్రతి బోర్డుకూ తనదైన రహస్య కీ ఉండాలి. కానీ కొందరు తయారీదారులు ఒక బోర్డులో సాఫ్ట్‌వేర్ ఎక్కించి, దాన్నే మిగతా బోర్డులకు కాపీ కొట్టడంతో ఒకే కీ ఎన్నో బోర్డుల్లోకి వెళ్ళిపోయింది. కొన్ని రకాల బోర్డుల్లో అయితే కీ తయారయ్యేటప్పుడు వాడిన యాదృచ్ఛిక అంకెలే సరిగ్గా లేవు. 2.6.11 వెర్షన్‌తో దీన్ని సరిదిద్దారు.

ఈ మొత్తం వ్యవహారంలో, కీ లేనివాళ్ళు చదవలేని రూపంలోకి సందేశాన్ని మార్చే ఎన్‌క్రిప్షన్ లెక్కను ఎవరూ ఛేదించలేదు. లెక్క గట్టిగానే ఉంది, దాని చుట్టూ ఉన్న ఏర్పాట్లు దెబ్బతిన్నాయి. ఆర్డుయినో, ఈఎస్‌పీ32 లాంటి బోర్డులతో సొంతంగా వైర్‌లెస్ పరికరాలు చేసుకునేవాళ్ళు ఎక్కువగా ఇక్కడే తడబడతారు. పేరున్న ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఏఈఎస్‌ను తలుచుకుని "ఏఈఎస్ పెట్టేశాను, ఇక సేఫ్" అనుకుంటారు. ఏఈఎస్ వల్ల దక్కేది ఎంత, దక్కనిది ఎంత అన్నది ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం.

## బోరు మోటారు ఉదాహరణ

ఇంటి దగ్గర ఒక బోర్డు, చేలో స్టార్టర్ డబ్బాలో ఇంకో బోర్డు. ఇంట్లో బటన్ నొక్కితే చేలో రిలే పడి బోరు మోటారు ఆన్ అవ్వాలి. అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడు టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచే అవసరం తప్పించడానికి ఇలాంటివి చాలామంది చేసుకుంటున్నారు. పంపాల్సిన సందేశం చాలా చిన్నది: ఆన్‌కి 1, ఆఫ్‌కి 0.

ఈ సందేశం గురించి అడగాల్సిన ప్రశ్నలు మూడు. దీన్ని బయటివాళ్ళు చదవగలరా? ఇది నిజంగా మన బోర్డు పంపిందేనా? ఇది ఇప్పుడు పంపిందా, ఎప్పుడో పంపిందా? మొదటిది గోప్యత, రెండోది ప్రామాణికత, మూడోది తాజాదనం. ఎన్‌క్రిప్షన్ అనగానే మన మనసు మొదటిదాని మీదకే పోతుంది. నిజానికి మోటారు విషయంలో గోప్యతతో పెద్దగా పనిలేదు. మోటారు నడుస్తోందో లేదో పక్క చేను వాళ్ళకు చప్పుడుతోనే తెలుస్తుంది. తేడా వచ్చేది రెండో, మూడో ప్రశ్నల దగ్గర. నీళ్ళు లేని బోరులో మోటారు ఎవరో ఆన్ చేసి వదిలేస్తే వైండింగ్ కాలిపోతుంది. ఎవరైనా వైర్లు సరిచేస్తున్నప్పుడు ఆన్ అయితే మనిషి ప్రాణానికే ముప్పు.

## గాలిలోకి వదిలిన ప్యాకెట్ అందరిదీ

హాబీ ప్రాజెక్టుల్లో బాగా చవకగా దొరికే రేడియో ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 ప్లస్. ఇది 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. ఒక ప్యాకెట్‌లో గరిష్ఠంగా 32 బైట్లు పడతాయి. దీనికి ఎన్‌క్రిప్షన్ లేదు. మూడు నుంచి ఐదు బైట్ల చిరునామా మాత్రం ఉంటుంది. ఆ చిరునామా తెలియనివాళ్ళకు ప్యాకెట్ కనిపించదు కాబట్టి అదే ఒక రకమైన రక్షణ అని చాలాకాలం అనుకున్నారు. 2011లో ట్రావిస్ గుడ్‌స్పీడ్ అనే పరిశోధకుడు ఆ నమ్మకాన్ని తీసేశారు. చిరునామా పొడవును డేటాషీట్ ఒప్పుకోని రెండు బైట్లకు సెట్ చేసి, పొరపాట్లు పట్టే చెక్‌సమ్ లెక్కను ఆపేసి, ప్రతి ప్యాకెట్ ముందూ వచ్చే ప్రియాంబుల్‌నే చిరునామాగా చూపిస్తే, అదే చవక చిప్ చుట్టుపక్కల ప్యాకెట్లన్నీ వినిపించేస్తుంది.

నాలుగేళ్ళ తర్వాత సామీ కామ్కర్ దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్ళారు. ఫోన్ ఛార్జర్‌లా కనిపించే డబ్బాలో ఆర్డుయినో తరహా బోర్డు పెట్టి, కొన్ని మైక్రోసాఫ్ట్ వైర్‌లెస్ కీబోర్డుల మీద టైపు చేసే అక్షరాలను పట్టుకుని చూపించారు. ఆ కీబోర్డుల్లో ఎన్‌క్రిప్షన్ అంటూ ఒకటి ఉంది. అక్షరాలను పరికరం చిరునామాతో ఎక్సార్ చేసి పంపడమే ఆ ఎన్‌క్రిప్షన్. ఎక్సార్ అంటే రెండు బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1 వచ్చే లెక్క. చిరునామా ప్రతి ప్యాకెట్‌లోనూ బాహాటంగా వెళ్తుంది కాబట్టి, తాళం తలుపుకే వేలాడుతున్నట్టయింది.

## ఏఈఎస్ చేసే పని, వదిలేసే పని

ఏఈఎస్ బెల్జియంకు చెందిన జోన్ డేమన్, విన్సెంట్ రైమన్ రూపొందించిన పద్ధతి. 2001లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ దీన్ని ప్రమాణంగా ప్రకటించింది. 16 బైట్ల ముక్క ఒకటి, ఒక కీ ఇస్తే, చదవడానికి వీల్లేని 16 బైట్లు వస్తాయి. అదే కీ ఉంటే వెనక్కి తిప్పవచ్చు. 128 బిట్ల కీ అంటే సాధ్యమైన కీలు 34 పక్కన 37 సున్నాలన్ని. ఒక్కొక్కటీ పెట్టి చూడటం ఎవరివల్లా కాదు.

ఈఎస్‌పీ32లో ఏఈఎస్ కోసం ప్రత్యేక హార్డ్‌వేరే ఉంది. ఆర్డుయినో ఊనోలో ఉండే ఏటీమెగా328పీకి 2 కిలోబైట్ల ర్యామ్ మాత్రమే ఉన్నా, సాఫ్ట్‌వేర్‌లోనే ఏఈఎస్ హాయిగా నడుస్తుంది. ఇలాంటి చిన్న చిప్‌ల కోసమే నిస్ట్ 2023లో ఆస్కాన్ అనే తేలికపాటి పద్ధతిని ఎంపిక చేసి, 2025లో ప్రమాణంగా ఖరారు చేసింది. అంటే బోర్డు చిన్నది కాబట్టి గట్టి ఎన్‌క్రిప్షన్ కుదరదనే మాటకు ఇప్పుడు కాలం చెల్లింది.

అయితే ఏఈఎస్ ఒక ముక్కను మార్చడం వరకే చూసుకుంటుంది. ఆ ముక్కలతో సందేశాన్ని ఎలా కట్టాలన్నది 'మోడ్' చెబుతుంది. అన్నిటికన్నా సులువైనది ఈసీబీ. ప్రతి ముక్కనూ నేరుగా ఏఈఎస్‌లో వేసి పంపేయడమే. చాలా హాబీ కోడ్‌లలో ఇదే కనిపిస్తుంది. మన మోటారుకు ఇది పెడితే ఏమవుతుంది? 'ఆన్' అనే సందేశాన్ని 16 బైట్లకు నింపి ఎన్‌క్రిప్ట్ చేస్తే ఎప్పుడూ అవే 16 బైట్లు వస్తాయి. 'ఆఫ్'కి కూడా ఎప్పుడూ ఒకటే రూపం. ఏడాదంతా విన్నా గాలిలో కనిపించేవి రెండే రూపాలు. ఒకటి వచ్చినప్పుడు మోటారు మోగుతుంది, రెండోది వచ్చినప్పుడు ఆగుతుంది. ఏది ఏమిటో తెలుసుకోవడానికి కీతో పనేముంది?

అందుకే సీటీఆర్ లాంటి మోడ్‌లు వచ్చాయి. ఇందులో సందేశాన్ని నేరుగా ఏఈఎస్‌లో వేయరు. ప్రతిసారీ మారే ఒక సంఖ్యను ఏఈఎస్‌లో వేసి, వచ్చిన బైట్ల వరసను సందేశంతో ఎక్సార్ చేస్తారు. మారే ఆ సంఖ్యను నాన్స్ అంటారు. నాన్స్ రహస్యంగా ఉండనక్కర్లేదు, ప్యాకెట్‌లో బాహాటంగానే పంపవచ్చు. ఒకే కీతో అదే నాన్స్ రెండోసారి మాత్రం రాకూడదు.

వస్తే ఏమవుతుందో అంకెల్లో చూద్దాం. ఉష్ణోగ్రతలోని ఒక అంకె పంపుతున్నామనుకోండి. '3' అనే అక్షరం కంప్యూటర్‌కు 51. ఏఈఎస్ ఇచ్చిన బైట్ 90. రెండిటినీ ఎక్సార్ చేస్తే 105, గాలిలోకి వెళ్ళేది ఇదే. తర్వాత అదే నాన్స్‌తో '7' పంపాం. '7' అంటే 55. మళ్ళీ అదే 90తో ఎక్సార్ చేస్తే 109. వింటున్న మనిషి దగ్గర 105, 109 మాత్రమే ఉన్నాయి. ఆ రెండిటినీ ఎక్సార్ చేస్తే 4 వస్తుంది. 51ని 55తో ఎక్సార్ చేసినా వచ్చేది 4. కీ నుంచి వచ్చిన 90 మధ్యలోంచి మాయమైపోయింది. మొదటి రీడింగ్ '3' అని అతను ఎలాగో ఊహించగలిగితే రెండోది '7' అని తేలిపోతుంది. 1940లలో సోవియట్ గూఢచారుల సందేశాలను అమెరికా వాళ్ళు 'వెనోనా' కార్యక్రమంలో చదవగలిగింది కూడా ఈ దారిలోనే. ఒక్కసారే వాడాల్సిన కీ కాగితాల్లో కొన్ని రెండుసార్లు అచ్చయ్యాయి.

ఇద్దరూ మాట్లాడుకునే పరికరాల్లో ఇంకో చిక్కు ఉంది. ఇంటి బోర్డు, చేను బోర్డు రెండూ ఒకే కీ వాడుతూ, రెండూ కౌంటర్‌ను 1 నుంచి మొదలుపెడితే, ఇటునుంచి వెళ్ళే మొదటి ప్యాకెట్‌కూ అటునుంచి వచ్చే మొదటి ప్యాకెట్‌కూ ఒకటే నాన్స్ పడుతుంది. నాన్స్‌లో పంపిన బోర్డు నంబరు కూడా కలపడం అందుకే.

## చదవకుండానే మార్చేయడం

నాన్స్ సరిగ్గా వాడాం. ఇప్పుడు సందేశాన్ని ఎవరూ చదవలేరు. కానీ మార్చగలరు, ఇది చాలామందికి నమ్మశక్యం కాదు.

'1' అనే అక్షరం 49, బిట్లలో 00110001. '0' అనే అక్షరం 48, బిట్లలో 00110000. తేడా చివరి బిట్ ఒక్కటే. సీటీఆర్‌లో ఎక్సార్ తప్ప ఇంకేమీ లేదు కాబట్టి, ఎన్‌క్రిప్ట్ అయిన బైట్‌లో చివరి బిట్ తిప్పితే, డిక్రిప్ట్ అయ్యాక కూడా సరిగ్గా ఆ బిట్టే తిరుగుతుంది. 'ఆఫ్' ప్యాకెట్‌ను పట్టుకుని, అది రిసీవర్‌కు చేరకుండా చేసి, ఒక్క బిట్ తిప్పి వదిలితే 'ఆన్' అయిపోతుంది. కీ తెలియదు, సందేశం చదవలేదు, అయినా మోటారు తిరుగుతుంది.

చెక్‌సమ్ ఉంది కదా అంటారు. చెక్‌సమ్ గాలిలో వచ్చే పొరపాట్లను పట్టుకోవడానికి పెట్టింది. బిట్ తిప్పినవాడు చెక్‌సమ్‌నూ మళ్ళీ లెక్కగట్టి పెడతాడు, దానికి కీ అక్కర్లేదు.

దీనికి మందు ట్యాగ్. సందేశమంతటినీ కీతో కలిపి లెక్కగట్టి వచ్చిన కొన్ని బైట్లను ప్యాకెట్ చివర తగిలిస్తారు. రిసీవర్ అదే లెక్క తనూ చేసి, రెండూ సరిపోతేనే ప్యాకెట్‌ను ముట్టుకుంటుంది. కీ లేకుండా సరైన ట్యాగ్ తయారు చేయడం సాధ్యం కాదు. సీసీఎమ్, జీసీఎమ్, చాచా20 పాలీ1305, ఆస్కాన్ అనే పేర్లు కనిపిస్తే, ఎన్‌క్రిప్షన్, ట్యాగ్ రెండూ కలిపి ఇచ్చే పద్ధతులని అర్థం. తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ రకం 'బ్లూటూత్ లో-ఎనర్జీ' వాడేది సీసీఎమ్. జీసీఎమ్‌లో నాన్స్ మళ్ళీ వాడితే నష్టం ఇంకా ఎక్కువ. సందేశాలే కాదు, ట్యాగులు తయారుచేసే రహస్యం కూడా బయటపడుతుంది.

## నిన్నటి ఆజ్ఞ ఇవాళ మళ్ళీ వస్తే

ఇప్పుడు మన ప్యాకెట్‌ను ఎవరూ చదవలేరు, మార్చలేరు. కానీ నిన్న సాయంత్రం మనమే పంపిన 'ఆన్' ప్యాకెట్‌ను ఎవరైనా రికార్డు చేసుకుని ఇవాళ ఉన్నదున్నట్టు మళ్ళీ వదిలితే? ట్యాగ్ సరిపోతుంది, ఎందుకంటే అది నిజంగా మనం పంపిందే. దీన్ని రీప్లే అంటారు. హాబీ ప్రాజెక్టుల్లో అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది దీన్నే అని నా అభిప్రాయం. ఎందుకంటే ఈ లోపం టెస్టింగ్‌లో బయటపడదు.

పరిష్కారం వినడానికి తేలిక. ప్రతి ప్యాకెట్‌కూ వరస నంబరు ఇవ్వాలి. చివరిసారి ఒప్పుకున్న నంబరు కంటే పెద్దది వస్తేనే రిసీవర్ పని చేయాలి. మధ్యలో కొన్ని ప్యాకెట్లు పోయినా ఫర్వాలేదు, నంబరు పెరిగితే చాలు. నాలుగు బైట్ల కౌంటర్‌లో 429 కోట్లకు పైగా నంబర్లు పడతాయి. సెకనుకు ఒకటి చొప్పున వాడినా 136 ఏళ్ళు వస్తాయి. ఇదే కౌంటర్ నాన్స్‌గానూ పనికొస్తుంది.

చిక్కల్లా కరెంటు పోయినప్పుడు. ర్యామ్‌లో ఉన్న కౌంటర్ ఎగిరిపోతుంది. బోర్డు మళ్ళీ 1 నుంచి మొదలుపెడితే నాన్స్‌లు తిరిగి వస్తాయి, రిసీవర్ చివరి నంబరు మరిచిపోతే పాత ప్యాకెట్లన్నీ మళ్ళీ చెల్లుతాయి. కాబట్టి కౌంటర్‌ను కరెంటు పోయినా చెరగని ఈఈప్రామ్ మెమరీలో రాసుకోవాలి. ఏటీమెగా328పీ ఈఈప్రామ్‌లో ఒక్కో చోట లక్షసార్లు రాయవచ్చని తయారీదారు హామీ. నిమిషానికో ప్యాకెట్ పంపే సెన్సర్ రోజుకు 1,440 సార్లు రాస్తుంది. లక్షను దాంతో భాగిస్తే 69 రోజులు. రెండున్నర నెలలు కూడా గడవకముందే హామీ అయిపోతుంది.

దీనికి చక్కని ఉపాయం ఒకటి వాడుకలో ఉంది. నంబర్లను వందేసి చొప్పున ముందే కేటాయించుకోవడం. మొదట ఈఈప్రామ్‌లో 100 అని రాసి, 99 దాకా రాయకుండా వాడుకుంటారు. కౌంటర్ 100కు రాగానే 200 అని రాసి, 100 నుంచి 199 దాకా వాడతారు. 137 దగ్గర కరెంటు పోయిందనుకోండి. తిరిగి వచ్చాక బోర్డు ఈఈప్రామ్‌లో 200 చూసి, 300 అని రాసి, 200 నుంచి మొదలుపెడుతుంది. మధ్యలో 62 నంబర్లు వృథా అయ్యాయి, అంతే. ఏ నంబరూ రెండుసార్లు రాలేదు. 69 రోజుల ఆయుష్షు కాస్తా 19 ఏళ్ళయింది. రిసీవర్ వైపు మాత్రం వందల్లో దూకడం కుదరదు, అది ఒప్పుకున్న ప్రతి నంబరునూ రాసుకోవాలి. మోటారు ఆజ్ఞలు రోజుకు నాలుగైదే కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. నంబరును రిలే వేశాక కాకుండా వేయకముందే రాసుకోవాలి. రిలే పడగానే కరెంటు పోతే ఆ ప్యాకెట్ మళ్ళీ చెల్లే అవకాశం ఉండకూడదు కదా.

కోడ్ మార్చి బోర్డును మళ్ళీ ఫ్లాష్ చేసినప్పుడు కౌంటర్ కూడా చెరిగిపోయే సందర్భాలున్నాయి. అలాంటప్పుడు కీ కూడా మార్చాలి. పాత కీ, కొత్తగా 1 నుంచి కౌంటర్ అంటే ఇందాకటి 105, 109 లెక్కే.

కౌంటర్ నచ్చనివాళ్ళు వేరే దారులు చెబుతారు. ఒకటి, ప్యాకెట్‌లో సమయం పెట్టడం. డీఎస్3231 లాంటి గడియారం చిప్ ఏడాదికి ఒక నిమిషం అటూ ఇటూ తేడాతో నడుస్తుంది. కానీ ఒకటి రెండు నిమిషాల వెసులుబాటు ఇవ్వక తప్పదు, ఆ సందులో రీప్లే సాధ్యమే. రెండోది, ప్రశ్న-జవాబు. ఇంటి బోర్డు "ఒక ఆజ్ఞ ఉంది" అంటుంది, చేను బోర్డు అప్పటికప్పుడు ఒక యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది, ఆ సంఖ్యను కలిపి ట్యాగ్ చేసిన ఆజ్ఞనే ఒప్పుకుంటుంది. ఏమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కాకపోతే ఒక ఆజ్ఞకు మూడు ప్యాకెట్లు పడతాయి, రెండు వైపులా రేడియో మేలుకుని ఉండాలి. బ్యాటరీ మీద నడిచే సెన్సర్‌కు కౌంటర్ మేలు. కరెంటు మీద నడుస్తూ, తప్పు జరిగితే నష్టం ఎక్కువగా ఉండే మోటారు లాంటివాటికి ప్రశ్న-జవాబే మేలని నాకనిపిస్తుంది.

## 32 బైట్లలో ఎవరి వాటా ఎంత

ఎన్‌ఆర్‌ఎఫ్24 ప్యాకెట్‌లో పంపిన బోర్డు నంబరుకు 1 బైట్, కౌంటర్‌కు 4, ట్యాగ్‌కు 8 తీసేస్తే మన సందేశానికి 19 బైట్లు మిగులుతాయి. మోటారుకు ఒక్క బైట్ చాలు. పూర్తి 16 బైట్ల ట్యాగ్ పెడితే మిగిలేవి 11.

ట్యాగ్ ఎంత ఉండాలన్న దాని మీద రెండు వాదనలున్నాయి. లోరా రేడియోల మీద నడిచే నెట్‌వర్క్ ప్రమాణం లోరావాన్ 4 బైట్లతో సరిపెట్టింది. గుడ్డిగా ఊహిస్తే తగిలే అవకాశం 429 కోట్లలో ఒకటి. లోరాను బాగా నెమ్మదిగా పంపే ఎస్ఎఫ్12, 125 కిలోహెర్ట్జ్ సెట్టింగులో నడిపితే 32 బైట్ల ప్యాకెట్‌కు గాలిలో దాదాపు 1.8 సెకన్లు పడుతుంది. ఆ వేగంతో అన్ని ట్యాగులూ ప్రయత్నించడానికి సుమారు 245 ఏళ్ళు కావాలి. ఇంకో 16 బైట్లు కలిపితే ఒక్కో ప్యాకెట్ 2.3 సెకన్లవుతుంది, బ్యాటరీ కూడా ఆ మేరకు ఖర్చవుతుంది. కాబట్టి నెమ్మదైన రేడియోలో 4 బైట్లు చాలన్న వాదనలో పస ఉంది. కానీ అదే 4 బైట్లను సెకనుకు వెయ్యి ప్యాకెట్లు వినగలిగే వేగవంతమైన రేడియోలో పెడితే 245 ఏళ్ళు కాస్తా 50 రోజులకు పడిపోతుంది. ట్యాగ్ పొడవు రేడియో వేగంతో ముడిపడిన విషయం. మన అవసరానికి 8 బైట్లు రెండు పక్షాలకూ ఒప్పుదల అయ్యే అంకె.

## కీ ఎక్కడ పుట్టింది, ఎక్కడ ఉంటోంది

మెష్‌టాస్టిక్ కథ జరిగింది ఈ అంకంలోనే. కీ నిజంగా యాదృచ్ఛికంగా పుట్టకపోతే 34 పక్కన 37 సున్నాల లెక్క ఉత్త కాగితం మీదదే.

ఆర్డుయినో పాఠాల్లో యాదృచ్ఛిక సంఖ్యలు కావాలంటే, ఏమీ తగిలించని అనలాగ్ పిన్‌ను చదివి ఆ విలువను విత్తనంగా వేయమని చెబుతారు. ఆ పిన్ ఊనోలో ఇచ్చేది 0 నుంచి 1023 లోపు విలువ. అంటే మొదలయ్యే చోట్లు ఎంత లేదన్నా 1,024 మాత్రమే. అలా చేసిన 128 బిట్ల కీ కూడా 1,024 కీలలో ఒకటే అవుతుంది, ల్యాప్‌టాప్‌కు అది రెప్పపాటు పని. ఎల్‌ఈడీలు మెరిపించడానికి ఆ పద్ధతి బాగానే ఉంటుంది, కీలకు పనికిరాదు. ఈఎస్‌పీ32లో హార్డ్‌వేర్ యాదృచ్ఛిక జనరేటర్ ఉంది. అది కూడా వైఫై గానీ బ్లూటూత్ గానీ ఆన్‌లో ఉన్నప్పుడే నిజమైన యాదృచ్ఛికత ఇస్తుందని తయారీదారు డాక్యుమెంటేషన్ చెబుతోంది. అన్నిటికన్నా తేలికైన దారి, కీని కంప్యూటర్ మీద తయారుచేసి బోర్డుల్లో ఎక్కించడం.

కాపీ కీల బెడద ఇంకోటి. ఈఎస్‌పీ32 బోర్డులు నేరుగా మాట్లాడుకునే ఈఎస్‌పీ-నౌ పద్ధతి అధికారిక ఉదాహరణ కోడ్‌లో కీల స్థానంలో 'పీఎంకే', 'ఎల్‌ఎంకే' అనే అక్షరాల పక్కన 1234567890123 అని ఉంటుంది. అది నమూనా మాత్రమే, మార్చుకోవాలన్నది ఉద్దేశం. ఆ కోడ్ తెచ్చుకున్నవాళ్ళలో ఎవరు మార్చారో ఎవరు మార్చలేదో తెలియదు కాబట్టి, బయటినుంచి చూసేవాడు ముందుగా ప్రయత్నించేది ఆ కీనే. మెష్‌టాస్టిక్ డిఫాల్ట్ ఛానెల్ కీ కూడా అందరికీ తెలిసినదే. కొత్తవాళ్ళు కొనగానే ఒకరినొకరు వినగలగాలని అలా పెట్టారు, ఆ సంగతి దాచిపెట్టలేదు కూడా.

సరే, మంచి కీ పెట్టాం. అది బోర్డులో ఎక్కడుంది? మామూలుగా ప్రోగ్రాంతో పాటే ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. స్టార్టర్ డబ్బా తెరిచి ఈఎస్‌పీ32కి యూఎస్‌బీ వైరు తగిలిస్తే, ఉచితంగా దొరికే టూల్‌తో ఫ్లాష్ మొత్తం ల్యాప్‌టాప్‌లోకి దింపుకోవచ్చు. దీన్ని ఆపడానికి ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్, మనం ఒప్పుకోని ప్రోగ్రాం నడవనివ్వని సెక్యూర్ బూట్ అనే ఏర్పాట్లున్నాయి. 2019లో ఒక పరిశోధకుడు పాత ఈఎస్‌పీ32 చిప్‌లకు సరిగ్గా సరైన క్షణంలో వోల్టేజీ కుదుపు ఇచ్చి, ఆ ఏర్పాట్లకు ఆధారమైన కీలనే బయటికి లాగి చూపించారు. తర్వాతి చిప్ రివిజన్‌లో తయారీదారు దీన్ని కట్టుదిట్టం చేశారు. ఇంట్లో చేసుకునేవాళ్ళు ఇంతదూరం వెళ్ళాలా అంటే, చేలో ఎవరూ కాపలా లేని డబ్బాలోని చిప్‌ను పూర్తిగా కాపాడటం కష్టమన్నది ఒప్పుకుని, నష్టాన్ని చిన్నది చేసుకోవడం మీద దృష్టి పెట్టడం తెలివైన పని. పది బోర్డులకూ ఒకటే కీ ఉంటే, ఒకటి పోతే పదీ పోయినట్టే. ప్రతి జంటకూ వేరే కీ ఉంటే పోయేది ఆ జంట ఒక్కటే.

## రెడీమేడ్ వాడాలా, సొంతంగా కట్టాలా

రెడీమేడ్ పక్షం వాదన బలమైనది. పైన చెప్పిన గుంటలన్నీ తెలిసినవాళ్ళు కట్టిన ప్రోటోకాల్ ఉండగా మళ్ళీ మొదలెందుకు అంటారు. లోరావాన్‌లో ఏఈఎస్-128, ట్యాగ్, ఫ్రేమ్ కౌంటర్ అన్నీ ముందే ఉన్నాయి. ఈఎస్‌పీ-నౌ కూడా, వైఫై భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ2లో ఉన్న, సీసీఎమ్ మీద కట్టిన సీసీఎమ్‌పీనే వాడుతుంది.

రెండో పక్షం చెప్పేది, రెడీమేడ్‌లోనూ హద్దులున్నాయని. ఈఎస్‌పీ-నౌలో ఒక్కొక్క బోర్డుకు విడిగా పంపేవే ఎన్‌క్రిప్ట్ అవుతాయి, బ్రాడ్‌కాస్ట్ అవ్వదు. ఎన్‌క్రిప్షన్‌తో జతకట్టగల బోర్డుల సంఖ్యకూ పరిమితి ఉంది, సెట్టింగు మార్చినా 17 దాటదు. లోరావాన్‌లో బోర్డు రీస్టార్ట్ అయినప్పుడల్లా కౌంటర్ గొడవ వస్తోందని విసిగి, సర్వర్‌లో కౌంటర్ తనిఖీనే ఆపేసేవాళ్ళున్నారు. ఆ వెసులుబాటు కొన్ని సర్వర్లలో ఉంది. ఆపగానే రీప్లేకు తలుపు తెరిచినట్టే. మెష్‌టాస్టిక్ ఛానెల్ సందేశాలకు ఏఈఎస్-256 సీటీఆర్ ఉంది గానీ, ట్యాగ్ లేదు. వ్యక్తిగత సందేశాలకు 2.5 నుంచి ఉన్నది సీసీఎమ్ కాబట్టి వాటికి ట్యాగ్ ఉంది.

నేను మధ్యలో నిలబడతాను. ఏఈఎస్, సీసీఎమ్ లాంటి లెక్కలను మాత్రం సొంతంగా రాయకూడదు, ఎంబెడ్ టీఎల్‌ఎస్ లాంటి పరీక్షకు నిలిచిన లైబ్రరీలోవే తీసుకోవాలి. ప్యాకెట్ ఆకారం, కౌంటర్ ఏర్పాటు, కీల పంపకం మాత్రం మన ప్రాజెక్టుకు తగ్గట్టు మనమే ఆలోచించాలి. రెడీమేడ్ వాడినా ఆ ఆలోచన తప్పదు.

## చట్టం వైపు నుంచి

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్, 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ బ్యాండ్ నిర్ణీత శక్తి లోపల లైసెన్సు లేకుండా వాడవచ్చు. ఆన్‌లైన్‌లో 915 మెగాహెర్ట్జ్ లోరా మాడ్యూళ్ళు కూడా అమ్ముతారు. అవి అమెరికా బ్యాండుకు చేసినవి. ఇక్కడ ఆ చుట్టుపక్కలంతా మొబైల్ కంపెనీల స్పెక్ట్రం, కొనేముందు చూసుకోవాలి. ఎన్‌క్రిప్షన్ విషయంలో ఐటీ చట్టం 84ఏ సెక్షన్ నియమాలు పెట్టే అధికారం కేంద్రానికి ఇచ్చింది. 2015 సెప్టెంబరులో ఒక ముసాయిదా విధానం వచ్చింది, తీవ్ర విమర్శలతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు.

వ్యాపారం కోసం కాక సరదాకు, నేర్చుకోవడానికి వాడే హామ్ (అమెచ్యూర్) రేడియో లైసెన్సు ఉన్నవాళ్ళ సంగతి వేరు. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉండటం వల్ల తెలుగువాళ్ళలో హామ్‌లు తక్కువేమీ కాదు. వాళ్ళకు ఎక్కువ శక్తి, ఎక్కువ బ్యాండ్లు ఉన్నాయి. కానీ అంతర్జాతీయ రేడియో నియమావళి ప్రకారం, దేశాల మధ్య హామ్ సందేశాలను అర్థం దాచే ఉద్దేశంతో సంకేతాల్లోకి మార్చకూడదు. ఉపగ్రహాలకు పంపే నియంత్రణ ఆజ్ఞలకు మాత్రం మినహాయింపు ఉంది. మన దేశంలోనూ హామ్‌లు తేటతెల్లమైన భాషలోనే మాట్లాడాలి. ఈ నియమం భద్రతకు అడ్డమని కొందరంటారు. అందరూ వినగలగడమే హామ్ రేడియో ప్రాణమని మిగతావాళ్ళంటారు. ఆ వాదన ఎలా ఉన్నా, నిషేధం అర్థాన్ని దాచడం మీద. సందేశం, కౌంటర్ బాహాటంగా పంపి, చివర ట్యాగ్ మాత్రం తగిలిస్తే అర్థం ఎక్కడా దాగదు. ఇది నియమానికి లోబడినదేనని చాలామంది హామ్‌ల అభిప్రాయం. అలాంటి ప్యాకెట్‌లో 'ఆన్' అన్న మాట ఊరంతా చదవగలదు, కీ ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ కొత్తది తయారు చేయలేరు, పాతది మళ్ళీ చెల్లదు.